అడవి కొండల్లో సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సంచులు కట్టుకుని రక్షిత అడవుల గుండా, కొండదారుల మీద సైకిల్ తొక్కడం నాకు ఏళ్లుగా అలవాటు. వెళ్లొచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు, అవే ఫోన్లు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## దారి ఎంచుకునేటప్పుడు

మామూలుగా రోజుకు 80 కి.మీ. తొక్కుతాను. అడవి కొండల్లో కూడా అంతే వేసుకోవచ్చా?

వద్దు. కొండల్లో దూరం లెక్క కాదు, ఎక్కాల్సిన ఎత్తు లెక్క. మీరు, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకుందాం. ఆ బరువును 1000 మీటర్లు పైకి మోయాలంటే దాదాపు 880 కిలోజౌళ్ల పని. పందేల్లో పాల్గొనని మామూలు మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగలిగింది 120 వాట్లు అనుకుంటే, ఒక్క ఆ ఎక్కుడుకే రెండు గంటలు పైన పడుతుంది. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకి 12 నిమిషాలు.

నేను ఇలా వేసుకుంటాను: ముందు దారంతా చదునుగా ఉన్నట్టు, గంటకు 15 కి.మీ. చొప్పున సమయం కడతాను. దానికి 100 మీటర్లకి 12 నిమిషాల లెక్కన ఎక్కుడు సమయం కలుపుతాను. 50 కి.మీ. దూరం, 1400 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. చదును లెక్కకి 3 గంటల 20 నిమిషాలు, ఎక్కుడుకి ఇంకో 2 గంటల 48 నిమిషాలు. ఆగకుండా తొక్కితేనే ఆరు గంటలు దాటింది. నీళ్లకి, తిండికి, ఫొటోలకి, పంక్చరుకి ఇంకో రెండు గంటలు వేసుకోండి. దిగుడులో సమయం కలిసొస్తుందిగా అంటారు. తారు రోడ్డు మీదైతే కొంత కలిసొస్తుంది. కంకర మీద దిగేటప్పుడు నేను ఆ ఆశ పెట్టుకోను.

మొదటిసారి వెళ్లేవాళ్లు రోజుకు 40 కి.మీ. పెట్టుకుంటే చాలు. సాయంత్రం నాలుగింటికే బస చేరిపోయారా, మంచిదే.

మ్యాప్ యాప్ చూపించే ఎక్కుడు లెక్క నమ్మొచ్చా?

సగం నమ్మండి. చాలా యాప్‌ల ఎత్తుల సమాచారానికి మూలం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో చేసిన సర్వే. దట్టమైన అడవి ఉన్నచోట ఆ రాడార్ తరంగాలు నేలదాకా పూర్తిగా దిగలేదు. చెట్ల గుబుర్ల ఎత్తు కూడా కొంత అందులో కలిసిపోయింది. చెట్లు ఉన్నచోట ఎత్తు, నరికినచోట పల్లం: ఇలా లేని ఎత్తుపల్లాలు గీతలో కనబడతాయి. ఏటవాలు కొండ పక్కన మలిచిన రోడ్డయితే ఇంకో చిక్కు. పటంలో దారి గీత పది మీటర్లు పక్కకి జరిగినా ఎత్తు మారిపోతుంది.

సొరంగాలూ వంతెనలూ కూడా ఈ లెక్కకి అందవు. ఒక యాత్రకి ముందు రాత్రి గ్రాఫులో గోడలా లేచిన ఎక్కుడు చూసి నాకు నిద్ర పట్టలేదు. తీరా పొద్దున వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది సొరంగం. యాప్ నన్ను కొండ నెత్తి మీదుగా ఎక్కించింది.

అనుమానం ఉన్నచోట ఎత్తు గీతలున్న పటం తెరవండి. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే తేలిక. దారి ఎన్ని గీతల్ని దాటుతోందో వేలితో లెక్కపెట్టుకుంటే యాప్ కంటే నిజానికి దగ్గరగా వస్తారు.

పటంలో బాట ఉంది, వేరేవాళ్లు వెళ్లిన జీపీఎస్ ట్రాక్ కూడా దొరికింది. ఇంకేం, వెళ్లిపోవచ్చుగా?

బాట ఉండటం వేరు, అనుమతి ఉండటం వేరు. యునెస్కో 1971లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద గుర్తించిన జీవావరణ రిజర్వులనే చూడండి. అందులో మూడు వలయాలుంటాయి. నడిమధ్యన కట్టుదిట్టంగా కాపాడే కోర్, దాని చుట్టూ బఫర్, బయట మనుషులు బతుకుతూ సాగుచేసుకునే ప్రాంతం. సైకిల్ యాత్రలకు సాధారణంగా వీలుండేది బయటి రెండింటిలోనే. కొన్నిచోట్ల చట్టం మోటారుకి, సైకిలుకి తేడా చూడదు. అమెరికాలో 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కాపాడుతున్న అడవుల్లోకి సైకిలు కూడా తీసుకెళ్లకూడదు.

ఆ ట్రాక్ పెట్టినాయన అనుమతితో వెళ్లాడో, గేటు పక్కనుంచి దూరాడో మీకు తెలియదు. బయల్దేరే ముందు అటవీ కార్యాలయానికి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: ఈ బాట మీద సైకిలుకి అనుమతి ఉందా, గేటు ఎన్నింటికి తీసి ఎన్నింటికి మూస్తారు, ఈ నెలలో ఏ భాగమైనా మూసి ఉందా, రాత్రి బసకి ఎక్కడ ఒప్పుకుంటారు. జవాబు రాతపూర్వకంగా వస్తే ఫోన్‌లో దాచుకోండి. చెక్‌పోస్టు దగ్గర డ్యూటీలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

సన్నటి కాలిబాటలు బాగుంటాయా, అటవీ రోడ్లా?

సామానుతో వెళ్తుంటే అటవీ రోడ్లే. కలప లారీల కోసం, మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టి రోడ్లవి. బరువుతో బండి ఎక్కాలి కాబట్టి వాలు ఒక హద్దు దాటకుండా మలుపులు తిప్పుతూ వేస్తారు. ఆ మలుపులే మన మోకాళ్లని కాపాడేది. రాకీ పర్వతాల వెంట వేల కిలోమీటర్లు సాగే పేరున్న గ్రేట్ డివైడ్ దారిలో కూడా ఎక్కువ భాగం ఇలాంటి మట్టి, కంకర రోడ్లే. కాలిబాటలు నడిచేవాళ్ల కోసం పుట్టినవి. మెట్లు, వేర్లు, బండలు వస్తాయి, సామాను దించి సైకిల్ ఎత్తుకోవాల్సి వస్తుంది.

ఏ కాలంలో వెళ్లాలి?

వానలు ఆగి నేల గట్టిపడ్డాక, వాగుల్లో ఇంకా నీళ్లుండగా. ఆ మధ్యకాలం ఏ అడవికైనా కొన్ని వారాలే ఉంటుంది. బాగా ఎండిపోయాక నిప్పు భయంతో అడవులు మూస్తారు. మంచు పడేచోట కనుమలు ఆలస్యంగా తెరుస్తారు. పక్షులు గూళ్లు పెట్టే రోజుల్లో కొన్ని బాటలు ఆపేస్తారు. ఎత్తుకి వెళ్లేకొద్దీ సగటున ప్రతి 1000 మీటర్లకి 6.5 డిగ్రీలు చల్లబడుతుందని గుర్తుంచుకోండి. కింద 24 ఉంటే 1500 మీటర్ల పైన ఉన్న కనుమలో 14 ఉంటుంది. గాలి తోడైతే ఇంకా తక్కువనిపిస్తుంది.

## సైకిలు, సామాను

నా దగ్గరున్న సైకిల్ సరిపోతుందా, కొత్తది కొనాలా?

ఫ్రేము సంగతి తర్వాత, ముందు గేర్లు లెక్కపెట్టండి. ముందు పళ్లచక్రంలో 34 పళ్లు, వెనక పెద్ద చక్రంలో కూడా 34 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, అంటే దాదాపు 2.2 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 8 కి.మీ. ఇదే వేగంతో 10 శాతం వాలు ఎక్కాలంటే 90 కిలోల మొత్తం బరువుకి 200 వాట్లు పైన కావాలి. పావుగంటలో తొడలు మండిపోతాయి. అదే ముందు 24, వెనక 36 ఉంటే గంటకు 5 కి.మీ. పైచిలుకు వేగంతో 140 వాట్లకే ఎక్కేస్తారు. ముందువైపు పళ్లు వెనకవాటికంటే తక్కువగా ఉండే గేరు కనీసం ఒకటి ఉండాలన్నది నా పట్టుదల. చాలా సైకిళ్లకు ముందు పళ్లచక్రమో వెనక క్యాసెట్టో (వెనక పళ్లచక్రాల గుత్తి) మారిస్తే పని అయిపోతుంది, కొత్త సైకిల్ అక్కర్లేదు.

రెండోది టైరు. కంకర దారికి 40 నుంచి 50 మి.మీ. వెడల్పు హాయిగా ఉంటుంది. మీ ఫ్రేములో అంత చోటుందో లేదో ముందే చూసుకోండి. బురద అంటుకున్నాక కూడా చక్రం తిరగాలి కదా.

సామాను ఎంత, ఎక్కడ కట్టాలి?

ఎక్కుడులో ప్రతి కిలో లెక్కే. మొత్తం 90 కిలోల్లో ఒక కిలో తగ్గిస్తే ఎక్కే సమయం దాదాపు ఒక శాతం తగ్గుతుంది. బరువైనవి కిందుగా, ఫ్రేముకి దగ్గరగా పెట్టండి. అన్నీ వెనక క్యారియర్ మీదే వేస్తే నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. వెనక చక్రం పుల్లలు, ముఖ్యంగా గేర్లవైపువి, అలాంటప్పుడే విరుగుతాయి. గతుకుల్లో క్యారియర్ బోల్టులు వదులవుతాయి. రోజూ పొద్దున చేత్తో ఒకసారి కదిపి చూడండి.

రిపేరుకి ఏమేం పెట్టుకోవాలి?

రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, టైరు లివర్లు, మల్టీటూల్, చైను విప్పే పనిముట్టు. ఇవి అందరూ పెట్టుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి. మీ చైను తెగితే కలిపే, దానికి సరిపోయే క్విక్ లింకు, ఒక గేరు కేబులు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, వెనక గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్. ఈ హ్యాంగర్ మెత్తటి లోహపు ముక్క. సైకిల్ పడిపోతే ఫ్రేము విరగకుండా తను వంగిపోవడమే దాని పని. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం ఉంటుంది, దారిలో దొరకదు. టైరు పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి ఉంచుకోండి. దానితోనే రెండు రోజులు తొక్కి ఇల్లు చేరాను.

ఇంటి దగ్గర ఒకసారైనా వెనక చక్రం విప్పి బిగించడం నేర్చుకున్నాకే బయల్దేరండి.

## దారిలో

ఎక్కలేక దిగి తోసుకుంటూ నడిస్తే పరువు తక్కువా?

చూసేదెవరండీ అక్కడ, కోతులా? గంటకు 5 కి.మీ. కంటే వేగం తగ్గిందంటే నిలదొక్కుకోవడానికే సగం బలం పోతుంది. నడకా దాదాపు అంతే వేగం. దిగి తోయండి. అడుగున గట్టి పట్టు ఉన్న బూట్లు మాత్రం వేసుకోండి. పెడల్‌కి బిగిసే క్లీట్లున్న నున్నటి బూట్లతో కంకర మీద సైకిల్ తోయడం నరకం.

పొడవాటి దిగుడులో బ్రేకులు ఎలా వాడాలి?

90 కిలోల బరువు 600 మీటర్లు కిందికి దిగితే దాదాపు 530 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. లీటరున్నర నీళ్లను గది వేడి నుంచి మరిగించడానికి సరిపోయేంత. కంకర దారిలో నెమ్మదిగా దిగుతుంటే అందులో చాలా భాగం మీ బ్రేకుల్లోకే వెళ్తుంది. అందుకని లివరు నొక్కి పట్టి ఉంచకండి. మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించి, తిరిగి వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లో గాలి వాటిని చల్లారుస్తుంది. రిమ్ బ్రేకులైతే రిమ్ వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. మధ్యమధ్యలో ఆగండి, డిస్కుని మాత్రం ముట్టుకోకండి.

ఒక వానరోజు దిగుడులో నా వెనక బ్రేకు నుంచి సన్నగా గరగరమని చప్పుడు మొదలైంది. ఇసుక అనుకున్నాను. మూడు మలుపుల తర్వాత కాలిన వాసన, లివరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. ఆగి చక్రం తీసి చూస్తే ప్యాడ్లో మిగిలింది లోహపు పలకే. పొద్దున బయల్దేరినప్పుడు మందం సగం ఉంది. నీళ్లు, సన్న ఇసుక కలిసిన గుజ్జు ఆకురాయిలా దాన్ని ఒక్క పూటలో అరగదీసింది. వానలో ప్రతి పెద్ద దిగుడు ముందూ ప్యాడ్లు చూడటం అప్పటినుంచే అలవాటైంది.

తడి వేర్లు, ఆకులు, చెక్క వంతెనలు వస్తే జారకుండా ఎలా?

తిన్నగా, అంటే వేరుకి అడ్డంగా దాటండి. ఏటవాలుగా దాటితే చక్రం దాని వెంట జారిపోతుంది. దాటుతున్నంతసేపూ బ్రేకు వెయ్యకండి, హ్యాండిల్ తిప్పకండి. తడి చెక్క మీద నాకు నమ్మకం లేదు, దిగి నడుస్తాను.

వాగు నీళ్లు తాగొచ్చా?

ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి. పైన ఎక్కడో ఒక జంతువు చచ్చి పడి ఉండొచ్చు. సళసళ మరిగిన తర్వాత ఒక నిమిషం ఉంచితే చాలు. 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు ఉంచాలి, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. 0.1, 0.2 మైక్రాన్ల ఫిల్టర్లు బ్యాక్టీరియాని, జియార్డియా లాంటి పరాన్నజీవుల్ని ఆపుతాయి గానీ వైరస్‌లను ఆపలేవు. క్లోరిన్ బిళ్లలు వైరస్‌లకి పనిచేస్తాయి గానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వాటికి లొంగదు. మనుషులు, పశువులు తిరిగేచోటైతే ముందు ఫిల్టర్ చేసి, తర్వాత బిళ్ల వేస్తాను.

తిండి ఎంత తీసుకెళ్లాలి?

ఒక సులువైన లెక్క ఉంది. మన శరీరం ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కి చేరేది దాదాపు నాలుగో వంతే. అందువల్ల ఒక కిలోజౌలు పని చేస్తే రమారమి ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 1000 మీటర్ల ఎక్కుడుకే 880 కిలోక్యాలరీలు పోతాయి. మామూలు తిండికి ఇది అదనం. తొక్కుతున్నంతసేపూ గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. ఒక పూట తిండి ఎప్పుడూ అదనంగా, సంచి అడుగున.

సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో దారి కనబడుతుందా?

కనబడుతుంది. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, టవర్ల నుంచి కాదు. పటాలు ముందే దించుకుని, ఫోన్‌ని విమాన మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూనే బ్యాటరీ అయిపోతుంది లేకపోతే. ఇరుకు లోయల్లో, గుబురు చెట్ల కింద చుక్క అటూ ఇటూ గెంతుతుంది, కంగారు పడొద్దు. చలి రాత్రుల్లో ఫోన్, పవర్‌బ్యాంకు పడుకునే సంచిలోనే పెట్టుకోండి.

ఇంట్లో ఒకరికి మీ దారి, ప్రతి రాత్రి బస, ఏ రోజు ఎన్నింటిలోగా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసివ్వండి. "ఆదివారానికి వచ్చేస్తా" అని చెప్తే వాళ్లకి ఏమీ చెప్పనట్టే.

ఎప్పుడు వెనక్కి తిరగాలి?

బయల్దేరే ముందే ఒక సమయం అనుకోండి. నాకు మధ్యాహ్నం ఒంటిగంట. అప్పటికి ఆ రోజు పెద్ద కనుమకి చేరకపోతే తిరిగేస్తాను. లోయలో పొద్దు క్యాలెండర్‌లో రాసినదానికంటే ముందే కుంగుతుంది, చెట్ల కింద ఇంకా ముందు. అడ్డంగా కూలిన చెట్టు ఒకటి రెండైతే సైకిల్ ఎత్తి దాటొచ్చు. ఐదు దాటారంటే ముందు ఇంకా యాభై ఉన్నాయనుకోండి.

## జంతువులు, వాతావరణం

పెద్ద జంతువు ఎదురైతే తొక్కుకుంటూ పారిపోవచ్చా?

కుదరదు. ఎలుగుబంటి గంటకు 50 కి.మీ. దాకా పరుగెత్తగలదు, ఎక్కుడులో మీ వేగం ఎనిమిది. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. సైకిల్ చప్పుడు చెయ్యదు. దిగుడులో మలుపు తిరిగేసరికి జంతువుకి పది అడుగుల్లో ఉంటాం, అది బెదురుతుంది, బెదిరిందే మీద పడుతుంది. కనబడని మలుపుల ముందు వేగం తగ్గించి గట్టిగా మాట్లాడండి, గంట కొట్టండి. వాగు హోరుకి, గాలికి మీ గంట వినబడకపోవచ్చు, నోరే నయం. తెల్లవారుజామున, చీకటి పడే వేళ తొక్కకండి.

ఎదురైతే ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్యన ఉంచి, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి. పిల్ల కనబడిందంటే తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఫొటో కోసం ఫోన్ తియ్యకండి. ఏ జంతువుకి ఏం చేయాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. గేటు దగ్గర అటవీ సిబ్బందిని అడిగితే నిన్న ఏది ఏ దారిలో తిరిగిందో కూడా చెప్తారు.

పాము కరిస్తే? ఒంటికి పిడుదులు పట్టుకుంటే?

పాము కరిస్తే కోయకండి, పీల్చకండి, తాడు బిగించకండి. ఉంగరం, వాచీ తీసేసి, ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, విరుగుడు మందున్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. ఆ మనిషిని నడిపించొద్దు, తొక్కించొద్దు.

పిడుదుల కోసం రోజూ సాయంత్రం మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, జుట్టు అంచున చూసుకోండి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నేరుగా లాగండి. లైమ్ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరడానికి సాధారణంగా అది 24 గంటలు పైన అంటిపెట్టుకుని ఉండాలి. అందుకే రోజూ చూసుకోమనేది. నూనె, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. తర్వాతి వారాల్లో జ్వరమో ఎర్రటి దద్దురో వస్తే డాక్టరుకి పిడుదు సంగతి చెప్పండి.

కొండ మీద ఉరుములు మొదలైతే?

శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగండి. అన్నీ ఒకే ఎత్తున్న పొట్టి చెట్ల మధ్య కొంత నయం. సైకిల్‌కి దూరంగా ఉండండి. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది వట్టి మాట. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి కదలండి. తడిసి దిగుడులో పడితే చలి ఎముకల్లోకి పోతుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేకు లివరు నొక్కలేరు. పొడి చొక్కా ఒకటి నీళ్లు చొరని సంచిలో, పైనే ఉంచుకోండి.

## బస, తిరిగొచ్చాక

బాగున్నచోట గుడారం వేసుకోవచ్చా?

ఒప్పుకున్నచోటే. ఒప్పుకున్నచోట కూడా నీటి ఒడ్డుకి కనీసం 60 మీటర్ల దూరంలో. రాత్రి నీళ్లకి వచ్చే జంతువులకి దారి వదలాలి. పడుకునేముందు తలెత్తి చూడండి: ఎండిన కొమ్మలు పైన వేలాడుతుంటే చోటు మార్చండి. వాసన వచ్చేది ఏదీ, టూత్‌పేస్టుతో సహా, గుడారంలో పెట్టకండి. మంట వేయొద్దు.

మరుగుదొడ్డి లేకపోతే?

నీటికి, బాటకి, బసకి 60 మీటర్ల దూరంగా వెళ్లి, 15 నుంచి 20 సెం.మీ. లోతు గుంట తీసి, పూడ్చండి. కాగితం వెంట తెచ్చుకోండి. అవును, వెంట తెచ్చుకోండి.

యాత్ర అయ్యాక, కొత్త అడవికి వెళ్లేముందు సైకిల్ కడగమంటారెందుకు?

సైకిల్ అందం కోసం కాదు. బురదలో విత్తనాలు, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవులు ఒక కొండ నుంచి ఇంకో కొండకి ప్రయాణం చేస్తాయి. ఆస్ట్రేలియాలో ఫైటోఫ్తోరా అనే తెగులు వేర్లను కుళ్లబెట్టి పెద్దపెద్ద పొదలనీ చెట్లనీ చంపేస్తోంది. టైర్లకి, బూట్లకి అంటిన మట్టితో అది వ్యాపిస్తుంది కాబట్టే అక్కడ చాలా బాటల మొదట్లో బ్రష్షు, మందు నీళ్లు పెట్టి ఉంచుతారు. ముందు బ్రష్షుతో మట్టి రాల్చండి, తర్వాత కడగండి, ఆరబెట్టండి. పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ కింద, మడ్‌గార్డు లోపల, టైరు గీతల్లో ఎక్కువ ఉంటుంది. కిందటిసారి నా సంచి కొక్కెం దగ్గర, పెడల్ సందులో పుల్లతో గీకితే, ఆ కాస్త మట్టిలోనే ముళ్లకాయలు నాలుగు బయటపడ్డాయి.